ఏజెన్సీ నుంచి రాజ్‌భవన్ దాకా: గవర్నరుగా వి.వి. గిరి
(శ్రీకాకుళంలో చదివిన వి.వి. గిరి స్మారకోపన్యాసం పాఠం)



సీతంపేట వైపు వెళ్లే బస్సులో పక్కవాణ్ణి ఎక్కడికని అడిగితే "ఏజెన్సీకి బాబూ" అంటాడు. గుమ్మలక్ష్మీపురంలో పనిచేసే మాస్టారిని అడిగితే "ఏజెన్సీలో ఉన్నానండీ" అంటారు. కొండ అనడానికి బదులు ఏజెన్సీ అనడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ ఏజెంటు ఎవరి ఏజెంటని ఎవరూ అడగరు. ఆయన గవర్నరుగారి ఏజెంటు. 1832 ప్రాంతంలో పర్లాకిమిడి, పాలకొండ జమీలలో తిరుగుబాట్లు లేచినప్పుడు మద్రాసు ప్రభుత్వం రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. తిరుగుబాట్లు అణిగాక, 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, జిల్లా కలెక్టరుకే గవర్నరు ఏజెంటు అన్న హోదా కట్టబెట్టి, తగవు తీర్చడమూ శిక్ష వేయడమూ ఆయన చేతిలోనే పెట్టింది ఆ చట్టం.

మన కొండల్లో గవర్నరు అన్న మాటకు మొదటి అర్థం ఇదీ. ఎక్కడో మద్రాసులో ఎప్పుడూ కనబడని దొర ఒకరు, ఆయన పేరు మీద గుర్రమెక్కి వచ్చే దొర మరొకరు. ఆ ఇద్దరినీ ఎన్నుకున్నవాడు కొండమీద ఒక్కడూ లేడు.

ఇవాళ ఈ మాటతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. 2025 జూలైలో విజయనగరం పూసపాటి వారి బిడ్డ అశోక్ గజపతిరాజుగారు గోవా గవర్నరుగా ప్రమాణం చేసినప్పుడు మన రెండు జిల్లాల్లోనూ సంతోషించని ఇల్లు లేదు. అదే ఏడాది మొదట్లో, విశాఖపట్నం నుంచి పార్లమెంటుకు వెళ్లిన కంభంపాటి హరిబాబుగారు ఒడిశా గవర్నరయ్యారు. మనవాళ్లు గవర్నర్లయితే సంతోషం సహజమే. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఎవరికి జవాబు చెప్పుకోవాలి, ఎవరి మంచి చూడాలి అన్న ప్రశ్న ముప్పై ఏళ్లు పిల్లలకు పౌరశాస్త్రం చెప్పిన నన్ను వదలలేదు. ఆ ప్రశ్నకు పుస్తకంలో దొరకని జవాబు గిరిగారి జీవితంలో కొంత దొరుకుతుంది. ఎందుకంటే ఆయన మన ఊళ్లలో ఓటు అడిగిన మనిషి. రెండుసార్లు గెలిచారు, ఒకసారి ఓడారు. ఓడిన ఏడాదే గవర్నరయ్యారు.

వరాహగిరి వెంకట గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. బరంపురం అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు బరంపురం అటు పోయింది, పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. మహేంద్రతనయ నదికి అటొక రాష్ట్రం, ఇటొక రాష్ట్రం. అటువైపు చుట్టాలు లేని కుటుంబం పాతపట్నంలో ఇప్పటికీ తక్కువ. గిరిగారిని మనవాడు అనడానికి గీత ఎక్కడ గీశారన్నది మనకు ఏనాడూ అడ్డు రాలేదు.

1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని ఐర్లండు విడిచి పొమ్మంది. ఆ దేశంలో ఆయన చూసింది రెండు పోరాటాలు: ఒకటి జాతిది, రెండోది రేవుల్లో, ట్రాముల్లో పనిచేసే కూలీలది. జేమ్స్ కొనోలీ ఆ రెంటినీ ఒకటి చేసిన మనిషి. ఇంటికి వచ్చిన గిరి నల్లకోటు వేసుకున్నా, కొన్నాళ్లకే గాంధీగారి ఉద్యమంలోకి, ఆ తర్వాత రైల్వే కార్మికుల్లోకి వెళ్లిపోయారు. మన పలాస, నౌపడ, ఆమదాలవలస, విజయనగరం స్టేషన్లన్నీ అప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేవి. హౌరా నుంచి వాల్తేరు దాకా ఒకే కంపెనీ. ఆ కంపెనీలో గ్యాంగ్‌మన్ నుంచి ఫిట్టరు దాకా గిరి పేరు తెలియని వాడు లేడు. అఖిల భారత రైల్వే కార్మికుల ఫెడరేషన్ పెట్టినవారిలో ఆయన ఒకరు. పదేళ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శి. ఇరవైల చివర ఖరగ్‌పూర్‌లో ఉద్యోగాలు తీసేస్తామన్నప్పుడు జరిగిన సమ్మెలో ముందు నిలబడ్డారు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడు, 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో కార్మికుల ప్రతినిధి.

ఇక 1937. మన జిల్లాల చరిత్రలో ఆ ఫిబ్రవరి ఎన్నికను మించిన ఎన్నిక నాకు కనబడదు. బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు మద్రాసు ప్రభుత్వానికి ప్రధాన మంత్రి, జస్టిస్ పార్టీ నాయకుడు. ఆయన కోట ఉన్న బొబ్బిలిలోనే ఆయన మీద కాంగ్రెసు గిరిని నిలబెట్టింది. ఎక్కువగా ఆస్తి ఉన్నవారికీ పన్ను కట్టేవారికీ ఓటున్న రోజులు. ఆ ఓటర్లలో చాలామంది జమీందారుకు శిస్తు కట్టే రైతులు. ఆ రైతులు రాజావారిని ఓడించారు. తెల్లదొరల కింద పనిచేసిన ప్రధాన మంత్రిని ఆయన సొంత ఊళ్లో ఓడించడం అంటే, ఎవరికి ఏ అధికారం ఎక్కణ్ణించి వస్తుందో బొబ్బిలి రైతు ఒక కాగితం ముక్కతో తేల్చి చెప్పడమే.

ఆ గెలుపు తర్వాత జరిగింది గవర్నరు పదవి గురించి మాట్లాడే మనకు ముఖ్యం. 215 సీట్ల మద్రాసు శాసనసభలో కాంగ్రెసు 159 గెలిచింది. అయినా మూడున్నర నెలలు మంత్రివర్గం ఏర్పాటు చేయలేదు. 1935 చట్టం గవర్నరుకు ప్రత్యేక అధికారాలు ఇచ్చింది. ఆ అధికారాలతో రోజువారీ పాలనలో వేలు పెట్టబోమని గవర్నర్లు మాట ఇస్తేనే కుర్చీ ఎక్కుతామని కాంగ్రెసు పట్టుబట్టింది. ఈలోగా మద్రాసులో ఏలూరుకు చెందిన కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు తాత్కాలిక మంత్రివర్గం నడిపారు. అంతకుముందు ఏడాది, 1936 జూన్ నుంచి అక్టోబరు 1 దాకా, ఆ నాయుడుగారే మద్రాసుకు తాత్కాలిక గవర్నరు. ఆ కుర్చీలో ఒక తెలుగువాడు కూర్చున్నాడని అప్పుడు ఊరూరా చెప్పుకున్నారు. చివరికి జూలైలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. గిరి అందులో కార్మిక, పరిశ్రమల మంత్రి. అంటే గవర్నరు తన హద్దులో తాను ఉండాలి అన్న షరతు మీద మంత్రి అయిన మనిషి ఆయన. ఇరవై ఏళ్ల తర్వాత ఆయనే గవర్నరు గుమ్మం లోపలికి వెళ్లినప్పుడు ఈ సంగతి మనం మరిచిపోకూడదు.

మధ్య సంగతులు త్వరగా చెబుతాను. 1939లో యుద్ధం మీద కాంగ్రెసు మంత్రివర్గాలన్నీ రాజీనామా చేశాయి, గిరి కూడా. తర్వాత జైళ్లు. 1946లో ప్రకాశంగారి మంత్రివర్గంలో మళ్లీ కార్మిక మంత్రి. 1947 నుంచి 1951 దాకా సిలోనులో భారత హైకమిషనరు. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. నెహ్రూ ఆయన్ని కేంద్ర కార్మిక మంత్రిని చేశారు.

1954 దగ్గర కాస్త ఆగాలి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద లేబర్ అప్పిలేట్ ట్రైబ్యునల్ ఒక తీర్పు ఇచ్చింది. బ్యాంకులు మొయ్యలేవని చెప్పి కేంద్ర ప్రభుత్వం ఆ తీర్పును మార్చింది. కార్మిక మంత్రిగా ఉండి ట్రైబ్యునల్ తీర్పు తగ్గించడానికి చేతులు రాక గిరి రాజీనామా ఇచ్చేశారు. యాజమాన్యమూ కార్మికులూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, ప్రభుత్వం తీర్పరిగా మధ్య దూరకూడదు అన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. దానికే 'గిరి పద్ధతి' అని పేరు. కేంద్ర మంత్రి పదవి ఇలా సూత్రం కోసం వదిలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ బ్యాంకు తగవు తర్వాత ఒక కమిషన్‌కు వెళ్లింది. ఆ కమిషన్ నివేదిక ఇచ్చింది జస్టిస్ గజేంద్రగడ్కర్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1957లో గిరి పార్వతీపురం నుంచి పోటీ చేశారు. అది ద్విసభ్య నియోజకవర్గం. ఒక జనరల్ సీటు, ఒక గిరిజన సీటు, రెండింటికీ ఓటర్లు ఒక్కరే. మా పెద్దమావయ్య ఆ ఎన్నికలో ఓటు వేసినవాడు. చదువు లేదు. "రూపాయి నోటంత కాయితాలు రెండిచ్చినారు. తెరెనక డబ్బాలు వరసగా పెట్టినారు, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. రెండు కాయితాలూ ఒక్క డబ్బాలో ఎయ్యకు, ఒకటి పాడైపోద్దని చెప్పినారు. నాను ఒకటి ఎడ్ల డబ్బాలో ఏసినాను, రెండోది పట్టుకుని శానాసేపు నిలబడిపోనాను" అని చెప్పేవాడు. ఆ రెండో కాగితం ఎక్కడ వేశాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. అది నా ఓటు, నీకెందుకురా అనేవాడు.

లెక్క తేలింది. బిడ్డిక సత్యనారాయణకు 1,26,792 ఓట్లు. దిప్పల సూరిదొరకు 1,24,604. గిరికి 1,24,039. మొదటి ఇద్దరూ గిరిజన అభ్యర్థులే. ఎక్కువ ఓట్లు వచ్చిన సత్యనారాయణకు గిరిజన సీటు ఇచ్చారు. మిగిలినవారిలో ఎక్కువ ఓట్లు సూరిదొరవి కాబట్టి జనరల్ సీటు ఆయనకు వెళ్లింది. తేడా 565 ఓట్లు. గవర్నరు ఏజెంటు ఏలిన ఏజెన్సీ పక్కన, గవర్నరును కలలోనైనా ఎన్నుకోని కొండల నుంచి వచ్చిన మనిషి, కేంద్ర మంత్రిగా చేసిన మనిషిని జనరల్ సీటులో ఓడించాడు. ఇరవై ఏళ్ల కింద బొబ్బిలిలో గిరి రాజాను ఓడించినప్పుడు జరిగిందే ఇదీ. ఈసారి ఆ అలకు ఎదురుగా నిలబడ్డది గిరి.

ఆయన ఆ ఓటమిని కోర్టుకు తీసుకెళ్లారు. వాదనలు రెండు. రిజర్వుడు సీటుకు నామినేషన్ వేసినవాణ్ణి జనరల్ సీటుకు గెలిచినట్టు ప్రకటించకూడదని ఒకటి. సూరిదొర కుటుంబం మూకదొర తెగవారి ఆచారాలు వదిలేసి క్షత్రియులుగా బతుకుతోంది, కాబట్టి ఆయన గిరిజనుడే కాదని రెండోది. మొదటిది చట్టం అడగవలసిన ప్రశ్నే. రెండోది నాకు ఈనాటికీ బాధ కలిగిస్తుంది. గిరిగారిని గౌరవించే సభలో నిలబడి ఈ మాట అంటున్నాను, అయినా అనకుండా ఉండలేను. జీవితమంతా కూలీల పక్షాన నిలిచిన మనిషి, ఒక గిరిజనుడు నాలుగు మెట్లు పైకి ఎక్కాడు కనుక ఇక గిరిజనుడు కాడని వాదించే వకీళ్ల వెనక నిలబడకుండా ఉండవలసింది. 1959లో సుప్రీంకోర్టు రెండు వాదనలనూ తోసిపుచ్చింది. గిరిజనుడు జనరల్ సీటుకు గెలవడానికి అడ్డేమీ లేదంది. తీర్పు రాసింది జస్టిస్ గజేంద్రగడ్కర్. 1954లో గిరి ఏ తగవు కోసం పదవి వదిలారో ఆ తగవు తేల్చినవాడే, 1959లో గిరి పోగొట్టుకున్న సీటు తగవునూ తేల్చాడు. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది.

ఈ తీర్పు వచ్చే నాటికి పిటిషనరు చిరునామా లక్నో రాజ్‌భవన్. 1957 జూన్ 10న గిరి ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ జనాభా ఉన్న రాష్ట్రం. ఓడిపోయి నాలుగు నెలలు నిండలేదు.

రాజ్యాంగం రాసేవాళ్లు మొదట గవర్నరును జనమే ఎన్నుకోవాలని అనుకున్నారన్నది మనలో చాలామందికి తెలియదు. 1947లో సర్దార్ పటేల్ నాయకత్వంలోని సంఘం ఆ ప్రతిపాదనే చేసింది. 1949 మే చివర రాజ్యాంగ సభ మనసు మార్చుకుంది. జనం ఎన్నుకున్న ముఖ్యమంత్రి పక్కన జనమే ఎన్నుకున్న గవర్నరు కూడా ఉంటే ఇద్దరికీ పడదన్న భయం. అందుకని రాష్ట్రపతి నియమిస్తారు, ఆయనకు ఇష్టమున్నన్నాళ్లు ఉంటారు అని రాశారు. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఆ మార్పుతో ఎన్నికలో జనం వద్దన్నవారికి కూడా తలుపు తెరుచుకుంది. ఆ తలుపు గుండా ఎంతమంది వెళ్లారో చెప్పనక్కరలేదు. గిరిగారు వెళ్లినవాళ్లందరిలోకీ యోగ్యులు అన్నదాంట్లో నాకు సందేహం లేదు. కానీ ఆయన కోసం కూడా ఆ తలుపు తెరవకుండా ఉండి ఉంటే, తర్వాతివాళ్లకు తెరవడం కొంచెం కష్టమయ్యేది.

లక్నోలో మూడేళ్లు. సంపూర్ణానంద్ ముఖ్యమంత్రి. ఆర్థిక, కార్మిక విషయాల మీద గిరికి ఉన్న శ్రద్ధను ఆ నగరం మరిచిపోలేదు, 1973లో అక్కడ పెట్టిన అధ్యయన సంస్థకు గిరి ఇన్‌స్టిట్యూట్ అనే పేరు పెట్టుకుంది. 1960 జూలై 1న ఒక విచిత్రమైన మార్పిడి జరిగింది. కేరళ గవర్నరుగా ఉన్న బూర్గుల రామకృష్ణారావుగారిని లక్నోకు పంపారు. లక్నోలో ఉన్న గిరిని తిరువనంతపురం పంపారు. ఇద్దరు తెలుగువాళ్లు ఒకరి కుర్చీలో ఒకరు కూర్చున్నారు. బూర్గులవారి నివేదిక మీదే 1959 జూలై 31న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని కేంద్రం తీసేసింది. శాసనసభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వం అది. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు గిరి అక్కడికి వెళ్లారు.

కేరళలో ఆయన ఉత్త రబ్బరు స్టాంపు గవర్నరు కాదు. నిరుద్యోగం గురించి, ఆ రాష్ట్రానికి రావలసిన ప్రణాళికా నిధుల గురించి ఢిల్లీతో గట్టిగా మాట్లాడారు. రైల్వే యూనియన్లో నేర్చుకున్నది అదే కదా, ఎదుటివాడి బల్ల మీద కాగితం పెట్టి లేవకుండా కూర్చోవడం. పట్టం థానుపిళ్లై మొదట ముఖ్యమంత్రి. 1962లో ఆయన్ని పంజాబు గవర్నరుగా పంపారు. 1964లో ఆ పిళ్లైగారే మన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు. పట్టం తర్వాత వచ్చిన ఆర్. శంకర్ మంత్రివర్గం 1964 సెప్టెంబరులో అవిశ్వాసంలో కూలింది. రాష్ట్రపతి పాలన వచ్చింది.

1965 మార్చిలో ఎన్నికలు. 133 సీట్ల సభలో మార్క్సిస్టు పార్టీకి 40, కాంగ్రెసుకు 36. ఎవరికీ మెజారిటీ లేదు. మార్క్సిస్టుల్లో గెలిచినవాళ్లు చాలామంది భారత రక్షణ నిబంధనల కింద జైల్లో ఉండి గెలిచారు. స్థిరమైన ప్రభుత్వం ఏర్పడే దారి లేదని గవర్నరు ఢిల్లీకి నివేదిక పంపారు. మార్చి 24న మళ్లీ రాష్ట్రపతి పాలన పెట్టారు. ఎన్నికైన శాసనసభ ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఒక్క సభ్యుడూ ప్రమాణం చేయలేదు. కొత్త సభ కోసం కేరళ 1967 దాకా ఆగవలసి వచ్చింది.

దీన్ని సమర్థించేవాళ్లు అంకెలు చూపిస్తారు. అంకెలు నిజమే. కానీ అంకెలు కుదురుతాయా లేదా అన్నది తేలవలసిన చోటు ఆ సభే. జైల్లో ఉన్నవాణ్ణి ఎన్నుకున్న ఓటరు కూడా మా పెద్దమావయ్యలాగే కాగితం పట్టుకుని ఆలోచించి వేసినవాడు. ఆ ఓటరు మాట ఒక్క రోజు కూడా వినబడలేదు. 1942 తర్వాత వెల్లూరు, అమరావతి జైళ్లలో ఉండి వచ్చిన మనిషి చేతి మీదుగా ఇది జరగడం నాకు జీర్ణం కాదు.

నేను చాలాకాలం ఆలోచించిన సంగతి ఇది. గిరి రాజీనామాల మనిషి. 1939లో ఇచ్చారు. 1954లో ఒంటరిగా ఇచ్చారు. 1969లో తాత్కాలిక రాష్ట్రపతిగా ఉండి, బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసిన మర్నాడు, స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేయడానికి ఆ పదవీ వదిలేశారు. పదవి బరువైతే దించుకోవడం తెలిసిన మనిషి. మరి 1957 నుంచి 1967 దాకా మూడు రాజ్‌భవన్లలో పదేళ్లలో ఒక్కసారీ రాజీనామా ఎందుకు ఇవ్వలేదు? ధైర్యం తగ్గిందా? కాదు. మంత్రికి తన నిర్ణయం అంటూ ఒకటి ఉంటుంది, కనుక దాన్ని మార్చినప్పుడు కోపగించి లేవవచ్చు. ఢిల్లీ కోసం నివేదిక రాసే గవర్నరుకు తనది అని చెప్పుకునే నిర్ణయం ఉండదు. ఏది తనదో తెలియని చోట దేనికి రాజీనామా ఇవ్వాలి? ఆ పదవిని ఢిల్లీ పక్క నుంచి వాడుకుంటే గిరి అంతటి మనిషి కూడా చిన్నబోతాడు. అది మనిషి తప్పు కన్నా ఆ కుర్చీ వంపు.

మైసూరులో 1965 ఏప్రిల్ నుంచి 1967 మే దాకా రెండేళ్లు నిజలింగప్ప ముఖ్యమంత్రిగా ఉండగా ప్రశాంతంగా గడిచాయి. అక్కణ్ణించి ఉపరాష్ట్రపతి, 1969 ఆగస్టులో రాష్ట్రపతి. ఆ ఎన్నికలో ఆయన చేతిలో ఓడింది మరో తెలుగువాడు, నీలం సంజీవరెడ్డి.

రాష్ట్రపతిగా ఆయన గవర్నర్ల పదవిని రెండో వైపు నుంచి చూశారు. 1970 అక్టోబరు 1న, సోవియట్ యూనియన్ పర్యటనలో కీవ్ నగరంలో ఉండగా, ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టే ప్రకటన మీద సంతకం చేశారు. శాసనసభ కొద్ది రోజుల్లో సమావేశం కావలసి ఉండగా చరణ్ సింగ్ ప్రభుత్వం పోయింది. నివేదిక పంపిన గవర్నరు మన నెల్లూరు బెజవాడ గోపాలరెడ్డిగారు. తాను మూడేళ్లు గవర్నరుగా ఉన్న రాష్ట్రం, తన తెలుగువాడే రాసిన నివేదిక, సంతకం మాత్రం వేల మైళ్ల దూరాన. 1965 నాటి తిరువనంతపురమే మళ్లీ వచ్చింది. ఆ ఏడాదే ఆయన గవర్నర్లతో ఒక కమిటీ వేశారు. గవర్నరు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నది తేల్చమన్నారు. భగవాన్ సహాయ్ అధ్యక్షుడు, గోపాలరెడ్డిగారు సభ్యుల్లో ఒకరు. మంత్రివర్గానికి బలం ఉందా లేదా అన్నది మామూలుగా శాసనసభలో ఓటుతోనే తేలాలి అని 1971 నివేదికలో రాశారు. తాను రాష్ట్రపతిగా కూర్చుని ఈ ప్రశ్నను కాగితం మీదికి తెప్పించడం ఆయన చేసిన మంచిపనుల్లో ఒకటని నా నమ్మకం. సుప్రీంకోర్టు దాన్ని గట్టి చట్టం చేయడానికి 1994లో బొమ్మై కేసు దాకా పట్టింది.

ఇక చివరి సంగతి. ఇది చెప్పడానికే నేను ఏజెన్సీతో మొదలుపెట్టాను.

రాజ్యాంగం గవర్నరుకు ఒక సొంత పని అప్పగించింది. అది అయిదో షెడ్యూలు. గిరిజన ప్రాంతాల్లో ఏ చట్టం వర్తించాలో, ఏది వర్తించకూడదో గవర్నరు చెప్పవచ్చు. గిరిజనుల భూమి చేతులు మారకుండా రెగ్యులేషను చేయవచ్చు. 1839 చట్టంలో ఏజెంటు చేతికి వచ్చిన అధికారమే ఇది, కానీ ఇప్పుడు అది కొండవాణ్ణి అణచడానికి కాదు, వాడి భూమి చెక్కను కాపాడడానికి. 1959లో, సుప్రీంకోర్టు సూరిదొర పక్షాన తీర్పు ఇచ్చిన ఏడాదే, ఆంధ్రప్రదేశ్‌లో మొదటి భూబదలాయింపు రెగ్యులేషను వచ్చింది. అందులో సందులు ఉన్నాయి. షావుకార్లు, భూస్వాములు ఆ సందుల్లోంచి పొలాలు లాక్కున్నారు. 1967 అక్టోబరు 31న లేవిడిలో భూస్వాముల తుపాకులు పేలాయి, గిరిజనులు కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ కొండలు మండిపోయాయి.

అప్పుడు ఆ రెగ్యులేషన్‌ను సవరించారు. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలు. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందే అని మొదట భావించాలి, కాదని రుజువు చేసుకునే భారం వాడిదే. సీతంపేట సంతలో, గుమ్మలక్ష్మీపురం కచేరీ అరుగు మీద, చదువు రాని ముసలమ్మ కూడా "వన్ సెవెంటీ" అంటుంది. అది ఇదే.

రెగ్యులేషన్‌ను చేసిన గవర్నరు ఖండూభాయ్ దేశాయ్. కార్మిక నాయకుడు. 1954లో గిరి రాజీనామా చేసినప్పుడు కేంద్ర కార్మిక మంత్రి కుర్చీలో ఆయన తర్వాత కూర్చున్నది ఈయనే. అయిదో షెడ్యూలు కింద గవర్నరు చేసిన ఏ రెగ్యులేషనుకైనా రాష్ట్రపతి ఆమోదం ఉండాలి, లేకపోతే చెల్లదు. 1970లో రాష్ట్రపతి గిరి. పార్వతీపురంలో 565 ఓట్ల తేడాతో, ఒక గిరిజనుడి చేతిలో ఓడిన గిరి. పార్వతీపురం కొండ మీద చెక్క కొండవాడిదే అన్న కాగితానికి ఆమోదం ఇచ్చింది ఆయనే.